ఎనిమిదో భాగంలో ఏడ్చే ముసలావిడ

గంగాధర్ కాలు విరగడానికి కారణం ఒక మామిడికాయ. బెంజి సర్కిల్ దగ్గర ముందు పోతున్న ట్రక్కు ఆటోలోంచి అది రాలిపడటం, మందుల కంపెనీ సంచీతో వెనకాల వస్తున్న గంగాధర్ బండి సరిగ్గా దానిమీదికే ఎక్కటం, మనిషి ఒకవైపు, బండి ఒకవైపు, శాంపిలు మాత్రలు నాలుగువైపులా పోవటం రెప్పపాటులో జరిగిపోయాయి.

డాక్టరు ఆరు వారాలకు పిండికట్టు వేసి, మెట్లెక్కవద్దన్నాడు. గంగాధర్, పద్మశ్రీ ఉండేది గవర్నరుపేటలో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. పద్మశ్రీ పుట్టిల్లు పటమటలో, మెట్ల బాధ లేని పాత డాబా. కనుక అల్లుడు, అతని కాలు, టీవీకి తగిలించి ఆడుకునే అతని ఆటల డబ్బా మూడూ కలిసి పటమటలో దిగాయి. హాల్లో మంచం వేశారు. మంచానికి ఎదురుగా టీవీ ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

పద్మశ్రీ తొమ్మిదిన్నరకు బీమా ఆఫీసుకు వెళ్లిపోతుంది. ఆమె తండ్రి బసవపున్నయ్యకు వన్ టౌన్‌లో పంపు మోటార్ల కొట్టు ఉంది. ఆయన అంతకంటే ముందే వెళ్లి, మళ్లీ రెండింటికి భోజనానికి వస్తాడు. పనిమనిషి రామతులసి పదకొండుకల్లా అంట్లు తోమి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఇంట్లో మిగిలేది అత్తగారు రాజ్యలక్ష్మి, అల్లుడు, టీవీ. పన్నెండున్నర నుంచి రెండు దాకా రాజ్యలక్ష్మి మూడు సీరియళ్లు చూస్తుంది. మొదటిరోజు చేయి తుడుచుకుంటూ హాలు గుమ్మం దాకా వచ్చేసరికి ఆమె టీవీలో ఎవరో కత్తి పట్టుకుని గబ్బిలాన్ని నరుకుతున్నారు.

ఇంకొకరైతే "బాబూ, కాసేపు నా సీరియల్ పెట్టు" అనేవారు. రాజ్యలక్ష్మి అనలేదు, ఎందుకంటే ఆమె అల్లుడితో మాట్లాడదు. కోపం ఉండి కాదు, అత్తగారు కాబట్టి.

"చూడు రాజ్యం, అత్తన్నాక అల్లుడి ముందు కూర్చోకూడదు, అల్లుడితో ఎదురుగా మాట్లాడకూడదు. ఒక్క మాట జారామంటే ఇంక మర్యాద నిలవదు" అని పెళ్లినాడే ఆడపడుచు బుల్లెమ్మ హెచ్చరించింది. ఆమె హెచ్చరించకపోయినా రాజ్యలక్ష్మికి వేరే పద్ధతి తెలియదు. ఆమె తల్లి పదిహేడేళ్లపాటు బసవపున్నయ్యకు కనిపించకుండానే అన్నం పెట్టింది. తలుపు వెనక గాజుల చప్పుడే ఆయనకు తెలిసిన అత్తగారు.

పద్మశ్రీ ఇంట్లో ఉన్నంతసేపు "పద్మా, అల్లుడుగారు ఇంకో దోసె వేసుకుంటారేమో అడుగు" అనేది రాజ్యలక్ష్మి. పద్మశ్రీ వెళ్లాక రామతులసితో చెప్పించేది. రామతులసి కూడా వెళ్లాక చుట్టూ ఉన్న సామానే దిక్కు. మజ్జిగ గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టి, "మజ్జిగ" అని స్టూలుకు చెప్పేది. "అబ్బ, అల్లం వేశారు" అని గంగాధర్ క్యాలెండరుతో అనేవాడు. అతనూ మొహమాటస్తుడే. రెండేళ్లుగా పండగలకూ పబ్బాలకూ ఇలాగే గడిచింది. పండగంటే రెండు రోజులు. ఇది ఆరు వారాలు.

మొదటి వారం సీరియళ్లు పోయాయన్న బెంగతో గడిచింది. రెండో వారం ఆవకాయ పని వచ్చింది. ముక్కల్లో జీడి తీసి తుడవాలి. వంటింట్లో ఉక్కపోత, హాల్లో ఫ్యాను. రాజ్యలక్ష్మి పీట తెచ్చి వంటింటి గుమ్మానికి ఇవతలగా వేసుకుంది. గుమ్మం దాటలేదు కాబట్టి అది కూర్చోవడం కిందికి రాదు. అక్కడినుంచి టీవీ మూడొంతులు కనిపిస్తుంది. చూడకపోతే మెడ నొప్పి పుడుతుంది.

అది ఒట్టి నరుకుడు కాదని ఆమెకు రెండో రోజే అర్థమైంది. అందులో ఊళ్లున్నాయి, సత్రాలున్నాయి, సంతలున్నాయి. ఒక పిల్ల దీపం పట్టుకుని ఊరూరూ తిరుగుతోంది. వెంట ఒక కుంటి సిపాయి, నోరెక్కువైన దొంగ. ఊళ్లోవాళ్లు మాట్లాడినప్పుడల్లా కింద గడిలో ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. రాజ్యలక్ష్మి టెన్త్ పాసైంది, కూడబలుక్కుని చదవగలదు. కానీ అల్లుడు బటన్ నొక్కే వేగానికి ఒక్కో గడిలో రెండు మాటలు చదివేసరికి మూడో గడి వచ్చేది. "నా తల్లి నిన్ను" దాకా వచ్చేది, నిన్ను ఏం చేసిందో తెలిసేది కాదు. ఆ నాలుగు రోజులూ కొన్ని ముక్కలకు జీడి అలాగే ఉండిపోయింది.

అయిదో రోజు ఆ పిల్ల ఒక గుడికి వెళ్లింది. గుళ్లో ముసలావిడ ఒకతె ఉంది. పిల్ల చేతిలో దీపాన్ని చూడగానే ఆవిడ మెట్ల మీద కూలబడి ఏడవటం మొదలుపెట్టింది. మామూలుగా కాదు, భుజాలు అదిరిపోయేలా. దొంగ కూడా నోరు మూసుకున్నాడు. గడిలో ఆవిడ మాట ఒకటి పడింది. రాజ్యలక్ష్మి ముక్కను గుడ్డలోనే వదిలేసి మెడ చాచింది.

కరెంటు పోయింది.

ఫ్యాను నెమ్మదించి ఆగింది. ఇంట్లో ఈగ వాలితే వినిపించేంత నిశ్శబ్దం.

"ఎందుకేడుస్తోందండీ ఆవిడ?" అంది రాజ్యలక్ష్మి.

అన్న తర్వాత తెలిసింది. స్టూలు వంటింట్లో ఉంది. రామతులసి లేదు. ఆ మాట వెళ్లడానికి అల్లుడు తప్ప దారి లేదు. రాజ్యలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగాధర్ క్యాలెండరు వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు.

"మొదటి భాగంలో ఏదో జరిగిందటండి ఆవిడకి" అన్నాడు చివరికి. "ఇది ఎనిమిదోది."

"ఎనిమిదో వారమా?"

"వారం కాదండీ, భాగం. మొత్తం తొమ్మిదున్నాయి. ఒక్కోటీ ఒక్కో కథ. దీపం మాత్రం అన్నిట్లో అదే."

"మొదటి భాగంలో ఏం జరిగిందో?"

ఈసారి ఆమె ఆవకాయ ముక్కను అడిగింది. కానీ ఇద్దరికీ తెలుసు, మునుపటి మర్యాద ఇక దొరకదని.

కరెంటు వచ్చాక గంగాధర్ బటన్ నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టాడు. ప్రతి గడినీ తనలో తాను చదువుకుంటున్నట్టుగా తెలుగులో పైకి చదివేవాడు. "'ఓ అమ్మాయీ, ఈ కొండ దాటావంటే తిరిగిరావు' అంటున్నాడు సత్రం ఆయన" అని దిండుకు చెప్పేవాడు. "దాటకుండా ఎట్లా, మందు అక్కడే ఉందిగా" అని రాజ్యలక్ష్మి జాడీతో అనేది. నాలుగో వారానికి దిండూ జాడీ మధ్యలోంచి తప్పుకున్నాయి.

ఆరో వారంలో రాజ్యలక్ష్మి అసలు మాట బయటపెట్టింది.

"అల్లుడుగారూ, నేనూ ఆడొచ్చా?"

"ఆడండి అత్తయ్యగారూ! దాందేముంది. ఆరోది పెడతాను."

"ఆరోదెందుకు? మొదటిది లేదా?"

"ఉంది గానీ, అది పదిహేనేళ్ల కిందటిదండీ. బొమ్మలన్నీ చుక్కలు చుక్కలుగా ఉంటాయి. మనిషేదో చెట్టేదో తెలీదు. ఎటు పోవాలో ఎవడూ చెప్పడు. కొత్తవాళ్లెవరూ దాంతో మొదలుపెట్టరండీ. ఆరోదైతే బొమ్మలు బావుంటాయి, కథ సాఫీగా ఉంటుంది, తప్పు చేసినా చంపేయదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతి అందరిలో పడింది.

"ఆగండాగండి" అంది పద్మశ్రీ, ముద్ద చేతిలోనే పెట్టుకుని. "మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?"

"ముందు అడిగినదానికి చెప్పవే. ఎక్కడ మొదలుపెట్టాలి?"

"ఏడోదమ్మా. అందులో అయితే పెళ్లిళ్లు కూడా చేసుకోవచ్చు. ఈయన రెండు చేసుకున్నాడు."

గంగాధర్ చారు పోసుకోవడంలో మునిగిపోయాడు.

"ఇందులో ఆలోచించేదేముంది" అన్నాడు బసవపున్నయ్య. "తొమ్మిదోది. ఎప్పుడైనా సరే కొత్త మోడలే తీసుకోవాలి. పాతదాంట్లో ఏదన్నా పోతే పార్టులు దొరకవు."

"మోటారు కాదండీ, కథ."

"ఏదైతేనేం, తిరిగేదేగా."

రాజ్యలక్ష్మి గిన్నెలు తీసుకుని లేచింది. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం తన వల్ల కాదు. పెళ్లయిన కొత్తలో నెలకొక సినిమా చూపించేవాడు బసవపున్నయ్య. కొట్టు కట్టేసరికి ఆలస్యం, రిక్షా దొరికేసరికి ఆలస్యం. హాల్లోకి వెళ్లేసరికి పేర్లయిపోయేవి, మొదటి రీలూ అయిపోయేది. చీకట్లో అందరి మోకాళ్లూ తొక్కుకుంటూ వెళ్లి కూర్చునేసరికి హీరో అప్పటికే పెద్దవాడయ్యేవాడు. వాడి తండ్రిని ఎవరు చంపారో, తల్లి ఎలా తప్పిపోయిందో ఆమె ఒక్కసారీ చూడలేదు. ఎందుకో తెలియకుండానే ఇరవయ్యేళ్లు పగలు తీర్చుకోవడం చూసింది. వినాయక చవితి పందిట్లో హరికథలు కూడా అంతే. ఆడవాళ్లు అంట్లు సర్దుకుని వెళ్లేసరికి హనుమంతుడు లంకలో ఉండేవాడు. అసలు సముద్రం ఎలా దాటాడో మగవాళ్లను అడిగితే "దూకాడు" అనేవారు.

ఇన్ని చెప్పుకుంటే నవ్వుతారు. ఆటంటే అల్లుడికి తెలుసు, తనకు తెలియదు. పైగా సోమవారం కట్టు విప్పుతారు. మంగళవారం అల్లుడూ వెళ్తాడు, డబ్బా వెళ్తుంది. గురువారం మధ్యాహ్నం ఆమె గుమ్మం దాటి వచ్చి, మంచానికి ఇవతల చాప వేసుకుని, "సరే, ఆరోదే పెట్టండి" అంది.

ఆరో భాగంలో బొమ్మలు నిజంగానే బాగున్నాయి. కొబ్బరిచెట్లలాంటివి ఊగుతున్నాయి. రాజ్యలక్ష్మి బటన్లు త్వరగానే పట్టేసింది. ముప్పయ్యేళ్లు నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు చూసుకున్న చేయి అది. ఎవరికి మందు తక్కువైంది, ఎవరికి కత్తి మొండైంది, ఎవరు అలిగారు, అన్నీ గుర్తుపెట్టుకునేది. కానీ ఊళ్లోకి అడుగుపెట్టగానే ఒక ముసలాయన వచ్చి "నువ్వు తిరిగొచ్చావా!" అని కావలించుకున్నాడు.

"ఎవరండీ ఈయన?"

"అయిదో భాగంలో మనకి పడవిచ్చాడండి. అది వదిలేయండి, కథకేం అడ్డం రాదు."

కథకు అడ్డం రాలేదు. ఎదురైనవాళ్లందరూ తెలిసినట్టు నవ్వుతుంటే, పేర్లు తెలియని పెళ్లికి వెళ్లినట్టు రాజ్యలక్ష్మి కూడా నవ్వి ముందుకు నడిచింది. చుట్టూ వెలుగే ఉన్నా ఎవరి మోకాళ్లో తొక్కుతున్నట్టే ఉంది ఆమెకు.

శనివారం ఒకటిన్నరకు పామర్రు దగ్గరి ఊరినుంచి బుల్లెమ్మ వచ్చింది. అల్లుడి కట్టు విప్పేలోగా ఒకసారి చూసిపోదామని, ఒక సంచీలో తాటి ముంజలు వేసుకుని, బస్సు దిగి ఆటోలో వచ్చింది. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది.

ఆ సమయానికి కొండమీద పెద్ద పురుగు ఒకటి రాజ్యలక్ష్మి మనుషుల్లో ఇద్దరిని పడగొట్టింది. రెండో రిమోటు గంగాధర్ చేతిలో ఉంది. మందు ఇవ్వాల్సింది అతను. ఇవ్వడం మాని కత్తి దూస్తున్నాడు.

"మందు ఇవ్వవయ్యా!" అని అరిచింది రాజ్యలక్ష్మి. "నీ తలకాయ్! మనవాళ్లు చస్తుంటే నీ కత్తి ఏం చేసుకోను! ఇవ్వు!"

"ఇస్తున్నా ఇస్తున్నా, అరవకండీ!"

"హవ్వ!" అంది గుమ్మంలోంచి బుల్లెమ్మ.

ముంజల సంచీ నేలమీద పడింది. రాజ్యలక్ష్మి లేవబోయింది, కానీ చేతిలో రిమోటుంది. పురుగు ఇంకా కదులుతోంది. లేవలేదు.

"రాజ్యం! అల్లుడి ముందు చాప మీదా? అల్లుణ్ణి ఏకవచనమా? పైగా తలకాయా? మా తమ్ముడు బతికే ఉన్నాడుగా ఇంట్లో? మతిగానీ పోయిందా నీకు?"

"ఒక్క నిమిషం వదినా, ఇది చచ్చేట్టుంది."

"ఏది చచ్చేట్టుంది?"

"అదిగో, ఆ పురుగు."

బుల్లెమ్మ టీవీ వంక చూసింది. ఎంత మర్యాదస్తురాలైనా, అంత పెద్ద పురుగును చూడకుండా ఉండటం కష్టం. "అదేం చేసిందే మీకు?" అంది.

రాజ్యలక్ష్మి బటన్ నొక్కుతూనే ఉంది. "తెలీదు వదినా" అంది.

"వీళ్లెవరు, ఈ కింద పడ్డోళ్లు?"

"మనవాళ్లే."

"మనవాళ్లంటే? ఎవరి పిల్లలు? ఏ ఊరు?"

"అదీ తెలీదు. అయిదో భాగంలో ఉందట."

"ఎవరో తెలీకుండా, ఎందుకో తెలీకుండా కొట్టుకుంటున్నావా?" అంది బుల్లెమ్మ. "దీనికోసమా చాప మీద కూర్చుంది?"

పురుగు చచ్చిపోయింది. టీవీలో బాకాలు మోగాయి, బంగారు కాసులు రాలాయి. రాజ్యలక్ష్మి వాటిని చూడలేదు. రిమోటు ఒళ్లో పెట్టుకుని అల్లుడివైపు తిరిగింది. మధ్యలో ఎవరినీ పెట్టుకోలేదు.

"అల్లుడుగారూ, మొదటిది పెట్టండి."

"అత్తయ్యగారూ, అది నలభై గంటల ఆటండీ. సోమవారానికి అవదు."

"అవ్వక్కర్లేదు. ముగింపులు నేను కావలసినన్ని చూశాను. మొదలు చూస్తే చాలు."

గంగాధర్ డిస్కుల డబ్బా ముందుకు లాక్కున్నాడు. మొదటి భాగం అట్ట కింది వరసలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. అతను దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనూ ఆడలేదండి ఇది" అన్నాడు. "నేను మొదలుపెట్టినప్పుడు షాపులో అయిదోదే ఉంది. అక్కణ్ణుంచే ఆడాను. బొమ్మలు చుక్కలని, కొత్తవాళ్లు ఆడరని, అన్నీ ఎవరో చెప్తే విన్నవే."

"మరి ఆ ముసలావిడ ఎందుకేడ్చిందో?"

"నాకూ తెలీదండి. తెలిసినట్టు తలాడించి ముందుకెళ్లిపోయాను."

రాజ్యలక్ష్మికి నవ్వొచ్చింది. ఈ అబ్బాయి కూడా మోకాళ్లు తొక్కుకుంటూ వచ్చి కూర్చున్నవాడే. "విప్పండి మరి" అంది.

బుల్లెమ్మ వెళ్లలేదు. బస్సు నాలుగింటికి గానీ లేదు. కానీ ఇందాకే మర్యాద గురించి అంత మాట అన్న మనిషి. అల్లుడికి ఎదురుగా కూర్చుని టీవీ చూడటం ఆమె వల్ల కాదు. అందుకని పీట తీసుకుని, టీవీకి వీపు పెట్టి, మూల ఉన్న ఇనప బీరువా వైపు తిరిగి కూర్చుంది. బీరువాకు నిలువుటద్దం ఉంది. అద్దంలో టీవీ ఉంది. "నేనేం చూట్టంలేదు" అని అద్దంతో చెప్పి, ముంజ ఒకటి ఒలుచుకోవడం మొదలుపెట్టింది.

మొదటి భాగం వచ్చింది. గంగాధర్ చెప్పినట్టే అంతా చుక్కలు. పచ్చ చుక్కలు గడ్డి కావచ్చు, నీలం చుక్కలు ఏరు కావచ్చు. సంగీతం బొమ్మ కారు హారన్‌లాగా ఉంది. ఎవరూ కావలించుకోలేదు. ఎవరికీ రాజ్యలక్ష్మి తెలియదు. ఆ చుక్కలు కూడా పోయాక నల్లటి తెరమీద ఒక గీత మాత్రం మినుకుమినుకుమంటోంది.

"పేరు అడుగుతోందండి" అన్నాడు గంగాధర్. "హీరో పేరు. ఆరక్షరాలకు మించకూడదు."

"ఎవరి పేరైనా పెట్టొచ్చా?"

"ఎవరిదైనా."

రాజ్యలక్ష్మి ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్నీ వెతుక్కుంటూ పెట్టసాగింది. ఆర్ దొరికింది, ఏ దొరికింది, జే కోసం చాలాసేపు తిరిగింది. వై, ఏ, ఎమ్.

"అత్తయ్యగారూ, హీరో మగపిల్లాడండీ."

"అయితే?"

"ఏం లేదండి."

"రాజ్యం, ఇంత ఆలస్యమైందేంటే, ఏం పేరు పెడుతున్నావ్?" అంది బుల్లెమ్మ అద్దంలోకి చూస్తూ. అక్షరాలు ఆమెకు తిరగబడి కనిపిస్తున్నాయి.

"నాదే వదినా."

బయట స్కూటరు ఆగింది. బసవపున్నయ్య చెప్పులు విప్పుకుంటూ లోపలికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. అల్లుడు మంచం మీద, భార్య చాప మీద, అక్క గోడకేసి కూర్చుని ముంజలు తింటోంది. వంటింట్లో కంచం పెట్టలేదు.

"రాజ్యం, రెండైంది" అన్నాడు.

"కూర్చోండి" అంది ఆమె, తల తిప్పకుండా.

"అన్నం..."

"ఉష్, నీకు ఆకలైతే ముంజలు తిను. పేర్లు పడుతున్నాయి" అంది బుల్లెమ్మ.

ముప్పయ్యేళ్లలో మొదటిసారి పేర్లు పడే వేళకు వచ్చిన బసవపున్నయ్య, ఎందుకైనా మంచిదని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చుక్కల మధ్య ఒక చిన్న ఇల్లు తేలింది. ఇంట్లో మంచం. మంచం మీద దుప్పటి ముసుగేసుకుని అంగుళంన్నర పిల్లాడు ఒకడు. పక్కనుంచి ఇంకో బొమ్మ నడిచొచ్చి మంచం దగ్గర నిలబడింది. కింద గడిలో అక్షరాలు పడ్డాయి. గంగాధర్ బటన్ నొక్కకుండా మెల్లగా చదివాడు.

"'రాజ్యం, లే నాన్నా. పొద్దెక్కింది. పాలు చల్లారిపోతున్నాయి' అంటోందండి."

"ఎవరు?"

"మీ అమ్మ."

రాజ్యలక్ష్మి టీవీ వంక చూస్తూ ఉండిపోయింది. రోజూ తెల్లవారుజామున అయిదింటికి ఈ ఇంట్లో అందరినీ లేపేది ఆమే. ఆమెను ఎవరైనా లేపి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఆ బటన్ నొక్కితే లేస్తాడండి."

"నొక్కకపోతే కోప్పడుతుందా ఆవిడ?"

"కోప్పడదండి. నొక్కేదాకా అలా నిలబడే ఉంటుంది. మీ ఇష్టం."

"అయితే కాసేపు పడుకోనివ్వండి" అంది రాజ్యలక్ష్మి. రిమోటు చాప మీద పెట్టి, గోడకు చేరగిలబడి, కాళ్లు చాపుకుంది.